వట్టి మనిషి కాదు, సూది వద్దంటారా?



కోడలు నీళ్ళోసుకుందని తెలియగానే "ధనుర్వాతం సూది వేయించారా?" అని ముందుగా అడిగేది అత్తగారే. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా ఇది మనకు అలవాటైన మాటే. అదే ఫ్లూ టీకా సంగతి ఎత్తితే మాత్రం "జలుబుకి కూడా సూదేమిటమ్మా? పిల్ల వట్టి మనిషి కూడా కాదాయె!" అంటారు.

ఆ భయం అభిమానంలోంచి పుట్టిందే. కానీ ఫ్లూ ఉత్త పడిశం కాదు. నెలలు నిండేకొద్దీ గుండెకూ, ఊపిరితిత్తులకూ పని ఎక్కువవుతుంది. అప్పుడు ఫ్లూ వస్తే న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఉంది. 2009లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకినప్పుడు గర్భిణుల మీద దాని దెబ్బ గట్టిగా పడింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాకు గర్భిణులనే ముందు వరుసలో నిలబెట్టింది.

టీకాతోనే ఫ్లూ అంటుకుంటుందేమోనని కొందరి అనుమానం. గర్భిణులకు వేసే సూదిమందులో ఉన్నది చచ్చిన క్రిమి. అది ఫ్లూ తేలేదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త ఒళ్ళు వెచ్చబడటం ఉండొచ్చు. ముక్కులో కొట్టే రకం మాత్రం గర్భిణులకు పనికిరాదు.

"మరి బిడ్డకో?" అంటారా? ఆరు నెలలు నిండేదాకా పసిబిడ్డకు ఫ్లూ టీకా వేయరు. పురుడనీ, బారసాలనీ ఇంటినిండా చుట్టాలు వస్తారు. ఎవరి దగ్గును ఆపగలం? తల్లికి వేసిన టీకా బలం మాయ ద్వారా బిడ్డకు చేరి, ఆ తొలి నెలల్లో కొంత కాపు కాస్తుంది. ధనుర్వాతం సూది చేసిన మేలూ ఇటువంటిదే. తల్లులకు ఆ సూదులు, శుభ్రమైన పురుళ్ళు, వీటి వల్లనే 2015 నాటికి మన దేశంలో పురిటిబిడ్డల ధనుర్వాతం దాదాపు కనుమరుగైంది.

"అంత మంచిదైతే సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఎందుకు వేయరు?" అన్నది సబబైన ప్రశ్నే. దేశమంతటా గర్భిణులకు ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. అడిగి, కొని వేయించుకోవాలి. కాబట్టి డాక్టరుగారు చెప్పలేదు కదా అని ఊరుకోకండి. మన దేశపు ప్రసూతి వైద్యుల సమాఖ్య 26 వారాలు దాటాక వేయించుకోమంటుంది. అంటే ఏడో నెల సీమంతం నాటికన్నమాట! తెనాలి కోడల్ని పురిటికి రేపల్లె పుట్టింటికి రైలెక్కించే ముందే ఈ పని చూడండి. జ్వరంగా ఉన్నా, మునుపు ఏ టీకా అయినా పడకపోయినా డాక్టరుగారికి ముందే చెప్పండి. క్రిమి ఏటేటా రూపు మారుస్తుంది గనుక ప్రతి కాన్పుకూ మళ్ళీ వేయించాలి.

కొత్త కోడలు నోరు విప్పి అడగలేకపోవచ్చు. పక్కన కూర్చున్న అత్తగారో, అమ్మో ఆ మాట అడిగితే పిల్ల భయం సగం అక్కడే తీరిపోతుంది.