చేతిపట్టీ – పదివేల అడుగులు
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను డాక్టరును కాను. సర్వీసంతా అమ్మకాల విభాగంలో గడిపినవాణ్ణి. కనుక వైద్యం జోలికి పోకుండా, మనలో చాలామంది చేతికి కనిపిస్తున్న ఆ నల్ల రబ్బరు పట్టీ మన దాకా ఎలా వచ్చిందో చెబుతాను. ఆరోగ్యం సంగతి మధ్యలో దానంతట అదే వస్తుంది.

ముందు వరుసల్లో పదిమందిలో నలుగురైదుగురికి పట్టీ ఉన్నది. అమెరికా నుంచి అబ్బాయి పంపినది కొందరిది, పుట్టినరోజుకు అల్లుడు కొన్నది ఇంకొందరిది. సొంత డబ్బుతో కొనుక్కున్నవారు చేయెత్తండి అంటే ఒక్కరూ ఎత్తటం లేదు చూశారా! కొనేది ఒకరు, కట్టుకునేది ఇంకొకరు. దూరాన ఉన్న బిడ్డకు తల్లిదండ్రుల మీద బెంగ ఉంటుంది. ఆ బెంగకు ఒక ధర కట్టి అమ్మగలగటం మామూలు తెలివి కాదు.

మన కాలంలో ముంజేతికి హెచ్.ఎం.టి. వాచీ ఉండేది. 1961లో అది కూడా జపాను సిటిజన్ కంపెనీ సహకారంతోనే మొదలైంది. కాని ఆ వాచీ టైము చెప్పి ఊరుకునేది. ఎందుకు నడవలేదు, ఎందుకు నిద్రపోలేదు అని నిలదీసేది కాదు.

ఇప్పటి పట్టీ పదివేల అడుగులు వేయమంటుంది. ఈ పదివేలు ఏ వైద్య గ్రంథంలోదో అని మీరనుకుంటూ ఉండవచ్చు. ఇదీ జపాను సరుకే. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ప్రజల్లో వ్యాయామం మీద మోజు పెరిగింది. మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును మార్కెట్టులోకి తెచ్చి ‘మాన్‌పోకెయ్’ అని పేరు పెట్టింది. ఆ మాటకు పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రని సంఖ్య, నోటికి తేలిక. అమ్మకాల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నాకు అసూయ కలుగుతున్నది. ఇంత గొప్ప పేరు మా విభాగంలో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు. సరుకు పేరే కొలమానమై, కొలమానమే ఆదేశమై దేశాలు తిరిగింది.

ఇక ఇది మన దేశానికి వచ్చిన తీరు చూడండి. చైనాకు చెందిన షావోమీ కంపెనీ 2014లో ఎం.ఐ. బ్యాండ్ అనే పట్టీని స్వదేశంలో 79 యువాన్లకు పెట్టింది. 2015లో ఇక్కడ 999 రూపాయలకు తెచ్చింది. వెయ్యికి ఒక్క రూపాయి తక్కువ పెట్టటం మన బట్టల దుకాణాల వారికీ తెలిసిన విద్యే. ఆ పట్టీకి తెర కూడా లేదు, మూడు చిన్న దీపాలు మాత్రం వెలిగేవి. అంకెలు చూడాలంటే సెల్‌ఫోను ఉండాల్సిందే. ఆ సంవత్సరమే మన గుండ్లపోచంపల్లిలో ఫ్లిప్‌కార్ట్ పెద్ద గోదాము తెరిచింది. దుకాణం మెట్లెక్కకుండా సరుకు కొనే కాలం మన గడపలోకే వచ్చింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2017 నాటి సంగతి. అంతకు ముందు ఏడాది వచ్చిన రెండో రకం పట్టీ గుండె వేగం కూడా చెప్పేది, ధర 1,999. కొత్త దేశంలో ఇంకా ఎక్కువమందికి అమ్మాలంటే ఏదో ఒకటి తగ్గించాలి. గుండె వేగం చూసే భాగాన్ని తీసేశారు. సినీ నటుడు హృతిక్ రోషన్ బ్రాండు హెచ్.ఆర్.ఎక్స్. పేరు తగిలించి 1,299కి పెట్టారు. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టటానికి లేదు. కాని మనవంటివారికి ఏదైనా పనికి వస్తుందంటే ఆ తీసేసిన భాగమే! వాళ్ళ లెక్కలో కొనేవాడు పాతికేళ్ళ కుర్రవాడు. డెబ్బై ఏళ్ళ పెన్షనరు ఆ లెక్కలోనే లేడు. తరువాతి రకాల్లో గుండె వేగం మళ్ళీ వచ్చింది, నిజమే. అయినా ఎవరిని మనసులో పెట్టుకుని తయారుచేశారో ఆ సరుకు చెబుతూనే ఉంటుంది.

మన నడకనే తీసుకోండి. పట్టీ చేయి ఊపును బట్టి అడుగులు లెక్కిస్తుంది. కర్ర పట్టుకునో, వాకర్ పట్టుకునో మెల్లగా నడిచేవారికి లెక్క తగ్గిపోతుంది. భజనలో తాళం వేసేవారికి కూర్చున్నచోటే అడుగులు పడతాయి! చర్మం మీద పచ్చని వెలుగు వేసి, రక్తం పారే తీరును బట్టి గుండె వేగం లెక్కకడుతుంది. వెలుగుతో కొలిచే యంత్రాలకు చర్మం రంగుతో పేచీ ఉన్నది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ల మీద 2020లో అమెరికా వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. ఆక్సిజను పడిపోయినా యంత్రం బాగానే ఉన్నదని చూపటం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఒకచోట సరిచూసుకున్న యంత్రాన్ని ఇంకొకచోట అమ్మేటప్పుడు ఈ తేడా ఎవరు చూడాలి?

ఇది ఊరికే అడగటం లేదు. మన సభ్యులొకరు, పేరు వద్దన్నారు, ఒకరోజు ఉదయం మేడ్చల్ బస్టాండులో కూర్చుని ఉండగా ఛాతీ బరువెక్కింది, చెమటలు పట్టాయి. పట్టీ చూసుకున్నారు. 78 అని చూపింది. ‘‘గుండె బాగానే కొట్టుకుంటున్నది, గ్యాసు అయి ఉంటుంది’’ అనుకుని ఇంటికి పోయి, సోడా తాగి పడుకున్నారు. మధ్యాహ్నానికి వారి శ్రీమతి పక్కింటి అబ్బాయిని పిలిచి కారులో ఆసుపత్రికి చేర్చారు. రక్తనాళం మూసుకుపోయింది, స్టెంటు వేశారు. ఆయన ఇవాళ మన మధ్యనే ఉన్నారు. గుండెపోటు వచ్చినవాడికి కూడా నాడి 78 ఉండవచ్చునని డాక్టరు గారు తరువాత చెప్పారట. ఇ.సి.జి. తీసే ఖరీదైన ఆపిల్ వాచీ కూడా గుండెపోటును కనిపెట్టలేదని ఆ కంపెనీయే రాసి పెట్టింది. ఆ ముక్క ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండదు. ఛాతీ బరువైతే 108కి ఫోను చేయండి, చేతికేసి చూడకండి.

అయితే పట్టీ విప్పి పారేయమంటానా? అననే అనను. 2019లో అమెరికాలో సగటు వయసు 72 ఏళ్ళున్న 16,741 మంది మహిళల మీద జరిపిన పరిశీలన వెలువడింది. వారి అడుగులు యంత్రంతో లెక్కించి నాలుగేళ్ళకు పైగా గమనించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. జబ్బున్నవారు తక్కువ నడుస్తారు గనుక లాభమంతా నడకదేనని తీర్మానించలేము. కాని పదివేలు చేయలేకపోయామని దిగులుపడే మన సోదరీమణులకు ఇది మంచి కబురు. రాత్రి పదింటికి లెక్క తక్కువైందని చీకట్లో డాబా మీద తిరిగేవారు ఆ పని మానవచ్చు. కాలు జారితే తుంటి ఎముక ఏ పట్టీ అతికించదు.

శామీర్‌పేట వారు తెల్లవారుజామున రాజీవ్ రహదారి అంచున లారీల పక్కన నడవటం చూశాను. దయచేసి చెరువు వైపు పొండి, వెలుతురు వచ్చాక పొండి, ఇద్దరిద్దరు కలిసి పొండి. మాట్లాడుకుంటూ నడిస్తే అడుగులు కొన్ని తగ్గుతాయేమో, తగ్గనివ్వండి.

కాఫీ తరువాత నేను వెనుక బల్ల దగ్గర కూర్చుంటాను. పట్టీ, సెల్‌ఫోను రెండూ తెచ్చినవారు రండి. పదివేలన్న లక్ష్యాన్ని తగ్గించటం మా మనవరాలు నాకు నేర్పింది, రెండు నిమిషాల పని. కళ్ళజోడు మరచిపోకండి, ఆ అక్షరాలు మరీ చిన్నవి. శెలవు.