ఇంట్లో విన్న కథ, నవలలో పుట్టిన మనిషి

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనంలోనూ, దాని చుట్టూ తర్వాత లేచిన భవనాల్లోనూ తొలి ఉద్యోగాల్లో చేరిన ఇంజనీర్ల పిల్లలు ఈపాటికి కాలేజీ చదువుల్లో ఉన్నారు. అంటే హైటెక్ సిటీకి రెండో తరం వచ్చింది. రెండో తరం వచ్చిన చోట కుటుంబ చరిత్ర మొదలవుతుంది. అమ్మానాన్నలు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం అమ్ముకుని వచ్చారు, పిల్లలకు ఏది చెప్పారు, ఏది దాచారు అన్న లెక్క మొదలవుతుంది. మన సాహిత్యంలో గుర్తుండిపోయిన మనుషులు ఇలాంటి లెక్కల్లోంచే వచ్చారని నా నమ్మకం. కుటుంబంలో జరిగిన సంగతి దానంతటదే ఒక పాత్రను తయారు చేయదు. ఆ సంగతిని ఇంట్లోనూ ఊళ్లోనూ ఎలా చెప్పుకున్నారు, ఆ మాటను ఆ మనిషి ఎంతవరకు నమ్మాడు, ఈ రెంటి మధ్యనే పాత్ర రూపు కడుతుంది. తెలుగు నవల నడిచిన దారి దీనికి సాక్ష్యం. ఆ దారిలో కొంత దూరం నడిచి, గచ్చిబౌలి దాకా వద్దాం.

ముందుగా ఒక పెద్ద అభ్యంతరం ఉంది. కుటుంబమే మనిషిని తీర్చిదిద్దుతుందంటే ఇక నెత్తుటిదే రాజ్యమా అని అడగవచ్చు. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా అలాగే అనుకున్నాడు. 1871 నుంచి 1893 దాకా ఒకే వంశం మీద 20 నవలలు రాసి, తాగుడూ మతి చలించడమూ రక్తంలో ఎలా దిగి వస్తాయో చూపించబోయాడు. మనకూ ఆ ఆలోచన కొత్త కాదు. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్న సామెత ఆ సిద్ధాంతాన్ని ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. కానీ మన మంచి నవలలు ఈ సామెతను ఒప్పుకోలేదు. ఈ సామెత మధ్య బతకాల్సి వచ్చిన మనిషికి ఏమవుతుందో చూపించాయి.

బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' అందుకు గట్టి ఉదాహరణ. 1946-47 కాలంలో 'నవోదయ' పత్రికలో ధారావాహికగా వచ్చింది. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1967లో కన్నుమూసేదాకా రేడియోలోనే పనిచేశారు కాబట్టి ఈ మాధ్యమంలో ఆయన్ని తలుచుకోవడం ఉచితం కూడా. ఆయన నాయకుడు దయానిధి డాక్టరు. చదువుంది, సున్నితమైన మనసుంది. అయినా తల్లి నడవడి గురించి లోకం చెప్పుకునే మాటలు అతన్ని పెళ్లిలోనూ స్నేహంలోనూ వెంటాడుతాయి. చివరికి అంత దూరం రాయలసీమకు వెళ్లినా వదలవు. ఆ తల్లి జీవితంలో నిజంగా ఏం జరిగిందన్నది నవలను నడిపే శక్తి కాదు. జనం నోళ్లలో ఆమె ఏమైందన్నదే నడిపే శక్తి. దయానిధి ఆ మాటను పూర్తిగా నమ్మలేడు, పూర్తిగా కొట్టిపారేయలేడు. అతని చేష్టల్లో మనకు కనిపించే తటపటాయింపు రక్తంలోంచి వచ్చింది కాదు, విన్న మాటల్లోంచి వచ్చింది. ఈ తేడాను బుచ్చిబాబు పట్టుకున్న తీరు తెలుగు నవలకు పెద్ద మేలు చేసిందనుకుంటాను.

అదే దశకంలో త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రాశారు. దయానిధికి ఇల్లు అపకీర్తిని ఇస్తే, ఇందులో సీతారామారావుకు ప్రతిష్ఠను ఇచ్చింది. వంశం పేరు నిలబెట్టాలన్న మాటను అతను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆ తాపత్రయంలోనే ఆస్తి కరిగిపోయింది. ఆస్తి పోయాక ఆ పేరుకు ఆధారమూ పోయింది, చివరికి అతని ప్రయాణం శ్మశానంలో ముగిసింది. ఇక్కడ రచయిత సొంత కుటుంబ చరిత్ర కూడా తలుపు తడుతుంది. గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి గొప్ప హేతువాది, పురాణాలను ప్రశ్నించినవాడు. ప్రశ్నించడం నేర్పినందుకే ఈ నవలను ఆ తండ్రికి అంకితం చేశారు. దీన్ని చూసి సీతారామారావు అంటే గోపీచందేనని సులువుగా తేల్చేస్తే పొరపాటు. ప్రశ్నను వారసత్వంగా పొందిన కొడుకు, ప్రశ్న బదులు ప్రతిష్ఠను పొందిన మరో కొడుకు ఏమవుతాడో ఊహించి చూశాడు. రచయిత జీవితం పాత్రలోకి వచ్చేది ఎక్కువగా ఇలాంటి ఎదురు దారుల్లోనే. వారసత్వం అనే విషయం గోపీచంద్‌ను ఆ తర్వాత కూడా వదల్లేదు. ఆయన మరణానంతరం 1963లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన నవల పేరే 'పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా'.

ఇంతదాకా విన్నవారు గిరీశం సంగతేమిటని అడగాలి. 1897లో అచ్చయిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో, 1909లో పెంచి రాసిన రూపంలో, గిరీశం బాల్యం గురించి మనకు తెలిసిందెంత? అయినా తెలుగువాళ్లకు అతనికన్నా సజీవమైన పాత్ర మరొకటి లేదు. మరి పాత్రకు కుటుంబ చరిత్ర అవసరమేనా? ఈ అభ్యంతరం బలమైనది, దాన్ని పక్కన పెట్టకూడదు. కానీ గిరీశాన్ని కొంచెం ఆగి చూడండి. అతని కళంతా ఎదుటివాడిని బట్టి తన గతాన్ని కొత్తగా అల్లడంలోనే ఉంది. వెంకటేశం ముందు ఒక గిరీశం, బుచ్చమ్మ ముందు మరొక గిరీశం. అసలు చరిత్రను కప్పిపెట్టి చెప్పుడు చరిత్ర మీద బతికే మనిషి అతను. ఆ పక్కనే మధురవాణి ఉంది. తన నడవడికి తల్లి చెప్పిన బుద్ధిని ఆధారంగా చూపిస్తుంది. లోకం గౌరవించని ఒక తల్లి నుంచి వచ్చిన నీతి, ఆ నాటకంలో పెద్దమనుషులు పాటించే నీతికన్నా నిక్కమైనదిగా నిలబడుతుంది. గతాన్ని దాచుకున్నవాడినీ, గతాన్ని నిజాయితీగా మోసినదాన్నీ గురజాడ ఒకే రంగస్థలం మీద నిలబెట్టాడు.

ఇక హైదరాబాద్‌కు వద్దాం. హైటెక్ సిటీ కుర్రవాడికి సాహిత్యంలో ఒక అన్న ఉన్నాడు. అతను నగరానికి మరో కొసన, ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉంటాడు. నవీన్ 1969లో ప్రచురించిన 'అంపశయ్య' నవలలో రవి అనే విద్యార్థి జీవితంలోని ఒక్క రోజు, నిద్ర లేచినప్పటి నుంచి దాదాపు 16 గంటలు, అతని తలలో సాగే ఆలోచనల రూపంలో నడుస్తుంది. వరంగల్ వైపు వావిలాల అనే పల్లె నుంచి వచ్చి ఉస్మానియాలో చదివిన నవీన్ సొంత అనుభవం ఆ పుటల వెనక ఉంది. రవికి ముందు తరాల చరిత్ర అధ్యాయాలుగా రాదు. కట్టాల్సిన డబ్బు గుర్తొచ్చినప్పుడు ఇల్లు వస్తుంది, ఎవరి ముందైనా సిగ్గుపడ్డప్పుడు ఊరు వస్తుంది. కుటుంబ చరిత్రను ఒకే పగటి పూటలో ఇమిడ్చిన ఈ పద్ధతిని తర్వాతి రచయితలు తగినంతగా వాడుకోలేదు. తర్వాతి దశాబ్దాల్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, మాదాపూర్ హాస్టళ్ల ఇరుకు గదుల్లో ఎన్ని వేలమంది రవులు ఉండి ఉంటారు! ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన 2008 తర్వాత వాళ్ల ఇళ్లు మరీ పేదవి, ఊళ్లు మరీ దూరానివి. అయినా మాదాపూర్ చుట్టూ అల్లిన మన కథల్లో, సినిమాల్లో చాలామంది కంపెనీ గుర్తింపు కార్డుతోనే పుట్టినట్టు కనిపిస్తారు. ఊరు వాళ్లకు సంక్రాంతి సెలవుగా మిగులుతుంది. అప్పు, అమ్మిన పొలం, చదువు మాన్పించిన చెల్లెలు కథలోకి రావు.

దీనికి ఒక జవాబు వినబడుతుంది, అది నాకు చాలా గౌరవనీయంగా తోస్తుంది. ఈ ఐటీ నగరం ఇచ్చిన పెద్ద వరమే చరిత్ర లేకుండా ఉండగలగడం కదా అంటారు. ఊళ్లో ఇంటిపేరు వినగానే కులం లెక్కగట్టే చోటు నుంచి వచ్చిన దళిత యువకుడికి, తండ్రి పేరు చెప్పందే గదిలోంచి కదలనివ్వని ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి, ఎవరి బిడ్డవని ఎవరూ అడగని ఆఫీసు ఒక విడుదల. అలాంటి మనిషి గతాన్ని సాహిత్యం మళ్లీ తవ్వడం అన్యాయం కాదా? జీవితంలో అడగడం అన్యాయమే. అద్దె ఇల్లు చూపించేటప్పుడు మీరేమిట్లు అని అడిగే ఇంటి యజమాని హక్కును నవల కోరకూడదు. కానీ నవల చేసే పని వేరు. ఆ మనిషి ఏం దాచుకోవాల్సి వచ్చిందో, దాచుకోవడానికి రోజూ ఎంత శక్తి ఖర్చవుతుందో లోపలి నుంచి చూపించే చోటు నవల ఒక్కటే. గతం లేనట్టు పాత్రను రాస్తే ఆ శ్రమను కూడా చెరిపేసినట్టే.

జి. కల్యాణరావు 2000లో తెచ్చిన 'అంటరాని వసంతం' ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన నవల. ఎల్లన్న, శివయ్య, రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ, ఇలా ఒక దళిత కుటుంబం తరాలుగా నడుస్తుంది. ఎల్లన్న పాటగాడు. అతని కొడుకు శివయ్య కాలానికి కరువు వస్తుంది, కూలి కోసం వెళ్లిన చోట కూడా అంటరానితనం తరుముతుంది. శివయ్య కొడుకు రూబేను క్రైస్తవ మిషన్ నీడలో పెరుగుతాడు. శివయ్య మనవడు ఇమ్మానుయేలు కాలానికి పోరాటాల దారి తెరుచుకుంటుంది. ఇదంతా మనకు చెప్పేది రూబేను భార్య రూతు. రూబేను వెతికి తెలుసుకుని తనకు చెప్పింది ఆమె గుర్తు చేసుకుంటుంది. భూమి ఉన్న కుటుంబానికి పట్టా ఉంటుంది, వీలునామా ఉంటుంది, గోపీచంద్ శాస్త్రిగారికి ఉన్నట్టు. పట్టా లేని కుటుంబానికి జ్ఞాపకమే దస్తావేజు. అందుకే ఇక్కడ కోడలి గొంతు కథనానికి అలంకారం కాదు, ఆ వంశం ఉందనడానికి ఉన్న ఏకైక సాక్ష్యం. మనిషి తన పూర్వీకుల కథను తెలుసుకోవడం వల్లే మారిన పాత్రలివి. ఎల్లన్న పాట తెలియకుండా తర్వాతి తరాల తిరుగుబాటు అర్థం కాదు. ఈ నవలను ఇంగ్లీషులోకి తెచ్చిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇద్దరూ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవారు. ఐటీ కారిడార్ నడిబొడ్డున ఉన్న ఆ ఆవరణలో ఈ పుస్తకం కొత్త భాష తొడుక్కుందంటే, ఆ చుట్టుపక్కల రాయాల్సిన నవలకు నమూనా పక్కనే ఉన్నట్టు.

ఆ నవలలో ఏం ఉండాలో కొంత ఊహించవచ్చు. కారిడార్‌లో రెండు రకాల కుటుంబ చరిత్రలు ఎదురెదురుగా ఉన్నాయి. దూరపు ఊళ్లో పొలం అమ్మి పిల్లను చదివించిన కుటుంబం ఒకటి. మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కొండాపూర్ పల్లెలుగా ఉన్నప్పుడు అక్కడే బతికి, తమ నేల మీద ఆఫీసులు లేస్తుంటే చూసిన కుటుంబం మరొకటి. మొదటిదానికి ఆ నేల జీతం, రెండోదానికి తాత పేరు. ఒకే టీ బండి దగ్గర నిలబడే ఈ రెండు ఇళ్ల పిల్లలకు ఇంట్లో చెప్పిన కథలు వేరు. ఇంజనీరు ఇంట్లో కష్టపడి పైకొచ్చిన కథ చెప్తారు, అందులో అమ్మమ్మ పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి ఉండకపోవచ్చు. పాత ఊరి ఇంట్లో ఎకరం ఏ ధరకు పోయిందో చెప్తారు, ఆ డబ్బు ఏమైందో చెప్పకపోవచ్చు. ఇంత కొత్త ఊరికి చరిత్రేమిటి, ఇంకో యాభై ఏళ్లు ఆగాలి అనే మాట కూడా ఉంది. అది నేను ఒప్పుకోను. రవికి ఒక్క రోజు చాలింది. పైగా చెప్పగలిగిన పెద్దలు ఇప్పుడే ఉన్నారు. రూబేను వెతికి ఉండకపోతే రూతుకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆ పొలం ఎందుకు అమ్మారని హైటెక్ సిటీ రెండో తరం పిల్లలు ఇంట్లో అడగగల ఏళ్లు ఇవే, రాసే చెయ్యి కూడా వాళ్లలోనే ఉండవచ్చు.