పెరటిలో పండ్ల చెట్టు: చోటు ఎంచుకోవడం
(ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వామికి మన పెరటి పండునే నివేదించాలన్న కోరికతో మామిడి మొక్క గురించి నన్ను అడిగేవారు మీలో అనేకులు. ఏ రకం మంచిదని అడుగుతారు. ఏ చోటు మంచిదని అడిగేవారు తక్కువ. రకం తప్పితే రుచి తగ్గుతుంది, అంతే. చోటు తప్పితే మాత్రం, పదేళ్లు పెంచి పూతకు వచ్చిన చెట్టుకు మన చేతులతోనే గొడ్డలి పెట్టవలసి వస్తుంది.

ముందుగా మన నేల సంగతి. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితోనే బోధన్ ప్రాంతంలో చెరకు విస్తరించింది. 1937లో చక్కెర కర్మాగారం వెలసింది. కాలక్రమంలో చెరకు తగ్గి వరి పెరిగింది. 2015లో కర్మాగారమూ మూతపడింది. ఊరి అంచున ఉన్న మళ్లు ఇళ్ల స్థలాలయ్యాయి. నిన్నటి తరి పొలమే నేడు చాలామందికి పెరడు. నల్లరేగడి నీటిని తొందరగా వదలదు. మామిడి వేరుకు నీటితోపాటు గాలి కూడా కావాలి. నిలిచిన నీటిలో అది ఊపిరాడక కుళ్లిపోతుంది.

మా వీధిలో ఒక మామిడి వానాకాలమంతా గట్టెక్కి, యాసంగిలో ఆకులు పండి ఎండిపోయింది. అప్పుడు వాన లేదు, తెగులు కనబడలేదు. కాలువ విడిచిన నాటి నుండి పక్క మళ్లలో నీరు నిలిచి, ఊట వేరుదాకా ఎగదన్నింది. ఆ మొక్కను ఆ ఇంటి పెద్దాయన తమ చివరి రోజులలో స్వయంగా నాటారు. ఆయన ఇల్లాలు ఆ మోడును రెండేళ్లదాకా తీయనివ్వలేదు.

కనుక ముందు నేలను పరీక్షించండి. రెండడుగుల లోతు గొయ్యి తీసి నీటితో నింపండి. ఇంకిన తరువాత మరల నింపండి. మరునాటి ఉదయానికీ నీరు నిలిచే ఉంటే అక్కడ మామిడి వద్దు. ఈ పరీక్ష కాలువ పారుతున్న రోజులలోనే చేయాలి. కాలువ కట్టేసిన వేసవిలో ప్రతి గొయ్యీ మంచిదిగానే కనిపిస్తుంది. పెరడంతా అలాగే ఉంటే రెండడుగుల ఎత్తు దిబ్బ వెడల్పుగా పోసి దానిపై నాటండి, లేదా జామ పెట్టుకోండి; అది తడి నేలను మామిడికన్న ఎక్కువ ఓర్చుకుంటుంది. బొప్పాయికి ఆ ఓర్పు లేదు.

ఇక ఎండ. మొక్క నాటే జ్యేష్ఠంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఏ మూల చూసినా వెలుగే. మామిడి పూసేది పుష్య మాఘాలలో. మార్గశిర పుష్యాలలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు. అప్పుడు మనకు దక్షిణాన ఉన్న 30 అడుగుల మేడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు 27 అడుగులు పరచుకుంటుంది. మన ఇంటికి ఉత్తరాన నాటిన చెట్టుకు మన ఇల్లే అడ్డం. పెద్ద చెట్లు దక్షిణ పశ్చిమాలలో ఉండాలని పెద్దలు చెప్పే మాటను గురించి వాదాన్ని పండితులకు వదిలేస్తాను. మన ఎండలకు పడమటి గోడపై నీడ పడడం మాత్రం మేలే.

ఎడం సంగతి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో చెప్పాడు: చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 మూరలు ఉత్తమం, 16 మధ్యమం, 12 కనీసం. అంటే 30 అడుగుల నుండి 18 అడుగులు. వేళ్లు ఒకదానినొకటి తాకితే ఫలం సరిగా రాదని ఆయన కారణం. రెండు వందల గజాల స్థలంలో మామిడి, సపోట, పనస అన్నీ కావాలంటే ఎలా? ఒకటి చాలు. ప్రహరీని ఆనుకొని అసలు వద్దు. కొమ్మలు పొరుగింటిపై వాలిన నాడు పండ్లకన్న తగవులే ఎక్కువ కాస్తాయి. మురుగు తొట్టికీ, కరెంటు తీగలకూ దూరంగా ఉంచండి.

ఒక మనవి. అభిషేక జలాన్ని నిత్యం కాండం మొదట్లోనే పోస్తున్నారు. అక్కడ ఎడతెగని తడి ఉంటే బెరడు కుళ్లుతుంది. మొదలు చుట్టూ కొంచెం మట్టి ఎగదోసి, ఒక మూర దూరంలో పాదు తీసి, అందులో పోయండి. అంటుకట్టిన చోటు ఎన్నడూ మట్టిలో కూరుకుపోరాదు.

గొయ్యి వైశాఖంలోనే మూడడుగుల పొడవు, వెడల్పు, లోతులతో తీసి ఎండనివ్వండి. పైమట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. మృగశిర కార్తె తరువాత రెండు మంచి వానలు పడి, నింపిన మట్టి కుంగి సర్దుకున్నాక మొక్క తెచ్చుకోవచ్చు.