నల్లనేలల పాట

ఒక పాట ఒక్కమారు వినినంతనే నాలుక నంటుకొనుటకు కారణమేమి? వాద్యముల హోరని కొందరు, వేషముల తళుకని కొందరు చెప్పుదురు. బొగ్గుగనుల నడుమ నివసించు కొత్తగూడెము శ్రోతలకు మరియొక కారణమును మనవి చేయుదును. అందులకు రెండు పాటలను తీసికొందును. ఒకటి ఆంగ్లదేశపు బొగ్గునేలది, రెండవది మనది.

ఇంగ్లండు నడిభాగమున వుల్వర్‌హాంప్టన్, వాల్సాల్ పట్టణముల ప్రాంతమును ‘బ్లాక్ కంట్రీ’, అనగా నల్లసీమ, అందురు. బొగ్గుపొరల వలనను కొలుముల పొగ వలనను ఆ పేరు వచ్చినదని ప్రతీతి. స్లేడ్ అను నలుగురి బృందము అచటిదే. 1970వ దశకపు ఆరంభమున ఆ దేశమున ‘గ్లామ్ రాక్’ అను సంగీతరీతి వెలసినది. మెరయు దుస్తులు, ఎత్తైన జోళ్లు, ముఖమున రంగులు దాని అలంకారములు. 1973లో స్లేడ్ వారి ‘కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్’ వెలువడగానే అచటి విక్రయ పట్టికలో నేరుగా ప్రథమస్థానమున ప్రవేశించినది.

అలంకారమును తొలగించి వినినచో లోపల పాత సొమ్మే కనబడును. గాయకుడు నాడీ హోల్డర్ కేకవేసి పాడు తీరునకు 1950ల నాటి అమెరికా నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ ఒరవడి. సభలో జనఘోష తన గుండెను తాకిన అనుభవమే ఈ పాటకు బీజమని హోల్డర్ చెప్పియున్నాడు. కనుకనే పల్లవిని జనమంతయు అందుకొనగలరు. శీర్షికలోని రెండు మాటల వర్ణక్రమమును బడిలో నేర్పినట్లు గాక, తమవారు పలుకునట్లు వ్రాసిరి. 1983లో క్వయట్ రయట్ అను అమెరికా బృందము దీనినే మరల పాడగా, అచటి పట్టికలో 5వ స్థానమునకు చేరినది. అమెరికానుండి అరువు తెచ్చిన సొమ్ము వడ్డీతో తిరిగి వెళ్లినది.

ఇక మనది. 2022లో విడుదలైన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని ‘నాటు నాటు’ పాటకు ఎం.ఎం. కీరవాణి స్వరము కూర్చగా చంద్రబోస్ రచించెను. ఈయన స్వగ్రామమైన చల్లగరిగె, సింగరేణి గనులున్న భూపాలపల్లి జిల్లాలోనిది. పాట నడక తిశ్రగతి; మన పల్లె ఆటపాటలకు అలవాటైన నడక. జొన్నరొట్టె, మిరపతొక్కు ఇందలి ఉపమానములు. ‘చెట్టు’ ఇందు ‘సెట్టు’ అయినది. నిఘంటువు ఒప్పకపోవచ్చును, పల్లె ఒప్పును. నృత్యమును కీవ్ నగరపు రాజభవనము ముందర చిత్రించిరి. మాట మాత్రము మన పొలముగట్టు మీదనే నిలిచినది. 2023 మార్చిలో ఆస్కారు బహుమతి వచ్చినది ఆ పాటకే.

చదువునకై నగరమునకు వెళ్లిన మన గనికార్మికుల బిడ్డలు కొందరు, నలుగురు నవ్వుదురేమోయని తమ యాసను దాచుకొందురు. పరీక్షకు ప్రామాణిక భాష కావలయును, కాదనను. జనుల నోట నిలువవలసిన పాటకు జనుల నోటిమాట కావలయును. వాద్యమును ఏ దేశమునుండి తెచ్చుకొన్నను దోషము లేదు. గొంతు ఇంటిదై యుండిన చాలును. మీ పిల్లలు ఇంటి యాసలో పాట కట్టినచో వెంటనే దిద్దకుడు. మొదట చివరివరకు వినుడు.