రాకాసి గుళ్ళు



మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలో కొండల పాదమునను, నాగలి దిగని రాతినేలలయందును గుండ్రముగా పాతిన పెద్ద గుండ్లు మీలో ననేకులు చూచియే యుందురు. వాని నడుమ ఒక్కొక్కచోట నాపబండలతో కూర్చిన పెట్టెవంటి కట్టడము, దానిపై మూతగా మరియొక బండ యుండును. వీనిని కొందరు రాకాసి గుళ్ళందురు. కొందరు పాండవ గుళ్ళందురు. పాండవులు అరణ్యవాసమున కట్టుకొనిన యిండ్లని మన తాతలు చెప్పిరి. దక్షిణదేశమున ఇట్టివి వేలకొలదిగా నున్నవి. అన్నిటిని కట్టుటకు పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒకయేటి అజ్ఞాతవాసము ఆ యైదుగురికి చాలియుండవు.

ఇవి గుళ్ళును గావు, ఇండ్లును గావు, సమాధులు. సుమారు 3000 ఏండ్లకు పూర్వము, మన దేశమున ఇనుము వాడుకలోనికి వచ్చిన కాలమున, వీనిని కట్టుట మొదలై క్రీస్తుశకారంభము వరకును సాగినదని పండితుల నిర్ణయము. మన యెర్రగుంట్ల చేరువనున్న కలమళ్ళలో రేనాటి చోడుల తెలుగు శాసనము కలదు. అది సుమారు క్రీ.శ. 575 నాటిది. తెలుగున అంతకు పూర్వపు శాసనము మనకు దొరకలేదు. ఈ రాళ్ళు పాతినవారు ఆ శాసనమునకు ఎన్నో తరములు ముందటివారు. కుండలపై గీచిన కొన్ని గుర్తులు తప్ప వారు వ్రాత యేదియు విడువలేదు. కావున వారి చరిత్రకు మట్టియే గ్రంథము.

ఆ గ్రంథమును నేనును ఒక పుట చింపితిని. ఆ సంగతి చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

నాకప్పుడు పదునాలుగేండ్లు. మాకు కొండక్రింద ఐదెకరముల మెట్టచేను కలదు. దాని మూలను ఇట్టి వలయమొకటి యుండెను. మా తండ్రిగారు చేనిచుట్టును గోడ పెట్టింపనెంచి ఆ గుండ్లను తీయించిరి. గొర్రెలు కాచు ముసలివాడొకడు కట్టెపై గడ్డమానించి చూచుచు, "ముట్టాకండి సామీ, అది పెద్దోళ్ళ చోటు" అని రెండు మారులు చెప్పెను. మేము నవ్వితిమి. గుండ్లు తీసిన పిమ్మట నడుమ నాపబండ కనబడెను. నలుగురు గడ్డపారలతో ఎత్తగా, అడుగున ఆరేడు కుండలు మట్టితో నిండియుండెను. లోపల నలుపు, వెలుపల ఎరుపు; ఇప్పటికిని ఆ నునుపు నా వ్రేళ్ళకు జ్ఞాపకమున్నది. నిక్షేపము దొరికినదని అందరి కన్నులును మెరసినవి. ఒక్కొక్కటిగా పగులగొట్టితిమి. మన్ను, బూడిద, ఎముకల తునకలు తప్ప మరేమియు లేదు. జానెడు ఇనుపముక్క యొకటి దొరకగా కమ్మరికి చూపితిమి. అతడు వ్రేలితో నొక్కగానే పొడియైనది. ఎముకలు పెంటదిబ్బ చేరినవి. మా తల్లి ఒక ఎర్రని రాతిపూసను ఏరి కడిగి దూడమెడకు కట్టినది.

ఆ పని అంతయు మధ్యాహ్నము లోపల ముగిసెను. తెలిసినవారైనచో దానికి వారముల కొలది పట్టియుండును.

వారు చేయు విధము వినుడు. ముందు వలయమును కొలిచి పటము వ్రాయుదురు. పిదప దానిని నాలుగు పావులుగా విభజించి, నడుమ మడిగట్టువలె మట్టిగోడలు నిలిపి, ఎదురెదురు పావులను మొదట త్రవ్వుదురు. ఆ గట్టులను చూచిన యెడల మట్టి పొరలు పుస్తకపు టాకులవలె తెలియును. బావి త్రవ్వించినవారికి ఇది క్రొత్త కాదు. ఒకమారు త్రవ్వి పూడ్చిన గుంతలో పొరలు తొల్లింటివలె కుదురవని మీరెరుగుదురు గదా! దానినిబట్టి, ముందు గుంత తీసినారా, ముందు బండలు నిలిపినారా, మరల తెరచి మరియొకరిని అందుంచినారా యనునది చెప్పగలరు. గడ్డపార అక్కరకు రాదు. తాపీయు, కుంచెయు, జల్లెడయు కావలెను. బొగ్గు తునక దొరికిన దానినుండి కాలము లెక్కింతురు. కుండను తీయుటకు ముందు అది ఏ దిక్కున, ఏ లోతున, దేని ప్రక్కన నున్నదో వ్రాసికొందురు. ప్రక్కనేమున్నదో తెలియనిచో కుండ వట్టి కుండయే.

ఈ తీరుగా 1947లో వీలరు దొరగారు మైసూరు రాజ్యమునందలి బ్రహ్మగిరిలో త్రవ్వించిరి. అచ్చటి రాతిపెట్టెల బండలు ఒకదానికొకటి ఆనుకొని స్వస్తికపు వంపున నిలిపియుండెను. తూర్పుబండకు గుండ్రని రంధ్రము కలదు. లోపల పెక్కుమంది ఎముకలు, అవియు పూర్తిగాక, కలసియుండెను. అనగా శవమును వేరొకచోట నుంచి, పిదప ఎముకలు ఏరి తెచ్చి ఇందుంచిరన్నమాట. మనమును దహనానంతరము అస్థిసంచయనము చేయుదుము. చిన్నదినమునాడు పోయినవారికి ఇష్టమైనవి వండిపెట్టుదుము. ఆ కుండలలో అన్నమో గంజియో పెట్టిన చేతులకును ఇట్టి తలపే యుండెనేమో! ఆచారము అదియే యని నేననను. తలపును గూర్చి మాత్రమే చెప్పుచున్నాను.

ఆ కుండల నలుపు ఎరుపులకును కారణము కలదు. కుండను బోర్లించి కాల్చినచో గాలి తగులని లోపలి భాగము నల్లనగును, వెలుపల ఎర్రనగును. మన జిల్లాలోని శంఖవరమున పొట్టేలును పోలిన మట్టిశవపేటిక దొరకినది. కాళ్ళును, తలయును గల ఆ పెట్టెను పగులకుండ కాల్చిన కుమ్మరి సామాన్యుడు కాడు. ముద్దనూరు చెంత చింతకుంటలో గుహల గోడలపై ఎరుపు, తెలుపు బొమ్మలున్నవి. వానిని వ్రాసినవారికిని ఈ సమాధుల వారికిని సంబంధము కలిపి కథ లల్లుట తగదు. వేరువేరు కాలములవారు కావచ్చును. ఐర్లండునను, కొరియాలోను కూడ రాతి సమాధులున్నవి. అంతమాత్రమున అందరును చుట్టములు కారు.

2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఒక సమాధి మూతబండను ఎత్తుటకు క్రేను కావలసివచ్చెను. దాని బరువు నలుబది టన్నులకు మించినది. క్రేను లేనినాడు దానినచ్చట నిలిపిన వారెందరో, ఎన్నినాళ్ళు త్రాళ్ళు పట్టిరో! ఒక్క యింటివారి పని కాదది. ఊరంతయు కదలవలెను, కదలినవారికి కూడు పెట్టువారుండవలెను.

1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము ననుసరించి, భూమిలో దాగి పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. ఆ మాట మా యూర నెవ్వరికిని తెలియదు. తెలిసినను కుండపెంకులకు పది రూపాయల వెల యెవరు కట్టుదురు?

మా చేనికి ఎగువ పొరుగువారి పొలమున మరియొక వలయము మిగిలియున్నది. ఏడు గుండ్లు నిలిచియున్నవి, రెండు పడినవి. క్రిందటి యేడు ఆ రైతు జేసీబీ యంత్రమును పిలిపించి చదును చేయించునని విని, కట్టె యూతగొని పోయితిని. నా కుండల కథ చెప్పితిని. తహశీల్దారునకు అర్జీ పెట్టుమంటిని. ఆయన శాంతముగా విని, "త్రవ్వేవాళ్ళు వచ్చేదాకా నేను సేద్యం ఆపితే నా పిల్లల గతేమి తాతా?" అనెను. ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేదు. అది న్యాయమైన ప్రశ్న. ఆ స్థలము ఎంతయున్నదో చూతమని ఇద్దరమును అడుగులు వేసి కొలిచితిమి. పది సెంట్లు కూడ లేదు.

ఈ యేడు ఆయన శనగ విత్తినాడు. ఆ వలయమును మాత్రము విడిచినాడు. వచ్చే యేటి మాట చెప్పలేదు.