మూడు దినముల వేట

2017 వ సంవత్సరము వేసవిలో నేను టెక్సాసునందు మా కుమారుని యింట నుంటిని. అచ్చటివారిలో పెక్కుమందికి గాలము వేయుట కూటికొఱకు గాదు, వేడుకకొఱకు.

మెక్సికో సింధుశాఖలో రెడ్‌స్నాపరను నెఱ్ఱని చేప కలదు. తీరమునకు దూరముగా, కేంద్రప్రభుత్వపు టేలుబడిలోని జలములలో, వేడుకకాండ్రు సొంతపడవలపై దానిని పట్టుటకు ఆ యేడు మొదట నిచ్చిన గడువు మూడే దినములు: జూను 1 మొదలు 3 వఱకు. మనిషికి దినమునకు రెండే చేపలు. 16 అంగుళములకు తక్కువదానిని మరల నీట విడువవలెను.

"అప్పుచేసి పడవ కొంటిని. ఆ మూడునాళ్లు పెనుగాలి వీచినచో నా యేడంతయు పోయినట్లే. చేపలు మునుపటికంటె మెండుగా నున్నవి గదా!" యని పొరుగింటి పెద్దమనిషి వాపోయెను.

ఆతని మాట నిజమే. చిక్కును అందే యున్నది. ఏటి పరిమితిని తూకముతో లెక్కింతురు. చేపలు బలిసి సులభముగా దొరకినకొలది ఆ తూకము త్వరగా నిండును, దినములు తగ్గును. ఒకప్పు డతివేటచే క్షీణించిన జాతి యిది. ఏబదియేండ్లకు పైగా బ్రదుకును. పెద్ద తల్లిచేప పెట్టు గ్రుడ్లు చిన్నదానికంటె నెన్నో రెట్లు. కావున నధికారుల జంకును నేను తప్పుపట్టజాలను. కాని గడువు మూడు దినములే యన్నచో, గాలివానలోనైనను జనులు పడవలు దింపరా?

మొఱలు విని ప్రభుత్వము ఆ జూనులోనే మఱి 39 దినము లిచ్చెను. తూకము మీఱునని యెఱిగియే యిచ్చెను. పొరుగాయన మాకు రెండు చేపలు తెచ్చెను. కోడలు పులుసు పెట్టెను. తినునంతసేపు నే నాతని పక్షమే వహించితిని.