ఇంజను నీళ్ళు కారకుండా



కారు ఇంజనులో పెట్రోలో డీజిలో మండుతుంది. మంట ఉన్నచోట వేడి పుడుతుంది. ఆ వేడిని లాగేయడానికి ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. కాగిన నీళ్ళు రేడియేటరులోకి పోతాయి. అక్కడ గాలికి చల్లారి మళ్ళీ ఇంజనులోకి వస్తాయి.

ఈ దారిలో ఒక చిన్న తలుపు ఉంది. దాని పేరు థర్మోస్టాట్. దాని లోపల మైనం ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఎంత వేడికి తెరుచుకోవాలో చాలావాటికి దాని మీదే అచ్చు కొట్టి ఉంటుంది. 82 అనో, 88 అనో కనబడుతుంది. కొత్తది కొనేటప్పుడు ఆ అంకె మీరే చదవండి. పాతదానితో సరిచూడండి. దుకాణంవాడు "ఏదైనా ఒకటేలే" అంటే ఒప్పుకోకండి.

థర్మోస్టాట్‌ను కప్పి ఉంచేది హౌసింగు. రేడియేటరు రబ్బరు పైపు చాలా బళ్ళల్లో దీనికే తగిలిస్తారు. కొన్ని హౌసింగులు అల్యూమినియంవి. కూలెంటు పొయ్యకుండా ఉత్త బోరు నీళ్ళు పోస్తుంటే అవి తినేసుకుపోతాయి. కొన్ని ప్లాస్టిక్‌వి. ఏళ్ళ తరబడి వేడి తగిలి పగులుతాయి. అతుకు దగ్గర తెల్లగానో, రంగుగానో చారలు కట్టాయంటే అక్కడ కారుతున్నట్టే.

బొట్టు బొట్టేగా అని అప్పు మీద టాక్సీ కొన్న డ్రైవరు ఊరుకున్నాడనుకోండి. నీళ్ళు తగ్గుతాయి. ఇంజను కాగిపోతుంది. పైనున్న హెడ్డు వంగుతుంది. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి పోతుంది. బండి షెడ్డులో ఉన్నా బ్యాంకు వాయిదా ఆగదు కదా!

హౌసింగు మార్చినా మళ్ళీ కారుతోందని కొందరు వాపోతారు. చాలాసార్లు తప్పు కొత్త సామానుది కాదు. అది కూర్చునే చోటు శుభ్రం చెయ్యకపోవడమే.

ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తియ్యకండి. ఆవిరి పోకుండా కుక్కరు మూత లాగినట్టే. మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. చల్లారాక కింద పళ్ళెం పెట్టి నీళ్ళు దించాలి. ఆ నీళ్ళు నేల మీద వదలకూడదు. కూలెంటు తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి చప్పరిస్తారు. డబ్బాలో పోసి మూత బిగించి, దూరంగా పెట్టాలి.

రబ్బరు పైపు అతుక్కుని ఉంటుంది. లాగకుండా మెల్లగా తిప్పితే ఊడుతుంది. బోల్టు తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలే నూనె వేసి కాసేపు ఆగాలి. తర్వాత పానాతో కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ ఆడించాలి. మొండికేసి తిప్పితే బోల్టు లోపలే విరుగుతుంది. దాన్ని తియ్యడం అసలు పనికంటే పెద్ద పని. థర్మోస్టాట్ తీసేముందు అది ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోవాలి. చాలా బళ్ళల్లో స్ప్రింగు వైపు ఇంజనులోకి ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ముందుగా రంధ్రంలో గుడ్డ కుక్కాలి. పాత ప్యాకింగు ముక్కలు లోపల పడకూడదు. ఆ ముక్కలన్నీ ప్లాస్టిక్ బద్దతో గీకెయ్యాలి. చాకుతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి. ఆ గీతల్లోంచే నీళ్ళు కారతాయి. చివర పొడిగుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడాలి. ఎక్కడా గరుకు తగలకూడదు. కుక్కిన గుడ్డ తియ్యడం మరచిపోకండి!

థర్మోస్టాట్ దాని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. పక్కకు జారి ఉండగా బోల్టు బిగిస్తే హౌసింగు చెవి విరుగుతుంది. రబ్బరు వలయం ఉన్న రకానికి పేస్టు అక్కర్లేదు. కాగితం ప్యాకింగుకు కంపెనీ చెబితేనే, అదీ పలచగా పుయ్యాలి. ఎక్కువైన పేస్టు లోపలికి పోయి నీటి దారికి అడ్డుపడుతుంది.

బోల్టులన్నీ మొదట చేత్తోనే తిప్పాలి. తర్వాత పానాతో దీన్ని కొంచెం, దాన్ని కొంచెం బిగించాలి. ఒకటే పూర్తిగా బిగిస్తే రెండోవైపు లేస్తుంది. ఎంత బిగువో కంపెనీ పుస్తకంలో అంకె ఉంటుంది. చిన్న బోల్టు మీద బలం చూపిస్తే మర చెడుతుంది.

కూలెంటు పోసి, రేడియేటరు మూత తీసి ఉంచే ఇంజను స్టార్టు చెయ్యాలి. లోపలి గాలి బుడగలుగా వస్తుంది, మట్టం దిగుతుంది. దిగినంత పొయ్యాలి. బుడగలు ఆగాక మూత బిగించి, నాలుగు మైళ్ళు తిప్పి తేవాలి. రాత్రికి హౌసింగు కింద పాత న్యూస్ పేపరు పరిచి ఉంచితే, పొద్దున దాని మీద మరక ఉందో లేదో చూసుకోవచ్చు.